నీరు పోతే నీరే మందు

పది మంది – పది మాటలు

ఒక ఇంట్లో చంటిబిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. ఆ సంగతి వీధి కుళాయి దగ్గరకు చేరుతుంది. ఇక అక్కడున్న అక్కలు, అత్తలు, పెద్దమ్మలు తలా ఒక మాట చెబుతారు.

"పళ్ళొచ్చేటప్పుడు అంతేనమ్మా. వాటంతట అవే తగ్గుతాయి."

"నీ పాలు పడలేదే పిల్లా. రెండు రోజులు పాలు మాన్పించు."

"నీళ్ళు పడితే నీళ్ళలాగే పోతాయి. చుక్క కూడా పట్టకు."

"లంఖణం పరమౌషధం అన్నారు. కడుపు మాడిస్తే అదే కడుతుంది."

"మాడు గుంటపడింది చూడు. కాస్త ఆముదం అద్దు."

"మా వాడికి ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు పట్టానొదినా. నాలుగు రోజుల్లో లేచి ఆడుకున్నాడు."

అందరూ బిడ్డ బాగుండాలనే చెబుతారు. చెడు కోరి ఎవరూ చెప్పరు. కానీ అన్ని మాటలూ ఒకటి కావు. కొన్ని మాటలు బిడ్డను కాపాడతాయి. కొన్ని మాటలు వింటే బిడ్డ ప్రాణానికే ముప్పు.

మరి ఏ మాట వినాలి? ఏ మాట మానాలి? విరేచనాలు పట్టినప్పుడు బిడ్డ ఒంట్లో ఏం జరుగుతుందో తెలుసుకుంటే, అది మనకే తెలుస్తుంది.

బిందెకు చిల్లు పడితే...

మన ఒంట్లో సగానికి పైగా నీరే ఉంటుంది. నెత్తురులో నీరు ఉంది. కండలో నీరు ఉంది. ఆ నీటిలో ఉప్పు కూడా ఉంటుంది. అందుకే కన్నీళ్ళు ఉప్పగా ఉంటాయి. చెమట ఉప్పగా ఉంటుంది.

విరేచనాలు అయితే ఈ నీరు, ఈ ఉప్పు బయటకు పోతాయి. వాంతులు కూడా అయితే ఇంకా తొందరగా పోతాయి.

పెద్దవాళ్ళు పెద్ద బిందె లాంటివాళ్ళు. చంటిబిడ్డ చిన్న చెంబు లాంటిది. రెండింటికీ ఒకే చిల్లు పడితే ముందు ఏది ఖాళీ అవుతుంది? చెంబే కదా! అందుకే పెద్దవాళ్ళు తట్టుకున్నంతగా పిల్లలు తట్టుకోలేరు. నీళ్ళలాంటి విరేచనాలు ఆగకుండా అయితే, ఒక్క పూటలోనే బిడ్డ ప్రాణం మీదకు రావచ్చు. ప్రపంచంలో ఏటా లక్షల మంది ఐదేళ్ళలోపు పిల్లలు ఈ జబ్బుతోనే చనిపోతున్నారు. వారిలో చాలామంది చనిపోయేది ఒంట్లో నీరు ఇంకిపోయి.

చిల్లు పూడేదాకా బిందెలో నీళ్ళు పోస్తూనే ఉండాలి. విరేచనాలకు వైద్యం కూడా ఇంతే. పోయిన నీటిని మళ్ళీ ఒంట్లోకి పంపాలి.

ఏవి విరేచనాలు? రోజుకు మూడుసార్లు గానీ, అంతకంటే ఎక్కువ గానీ నీళ్ళలా అయితే విరేచనాలు అనుకోవాలి. తల్లిపాలు మాత్రమే తాగే పసిబిడ్డకు రోజుకు చాలాసార్లు పలుచగా అవుతుంది. బిడ్డ హుషారుగా ఉండి, పాలు బాగా తాగుతుంటే అది జబ్బు కాదు. ఎప్పుడూ అయ్యేదానికంటే ఎక్కువసార్లు, మరీ నీళ్ళలా అయితే జబ్బు.

ఇప్పుడు ఆ మాటలు మళ్ళీ చూద్దాం

"పళ్ళొచ్చేటప్పుడు మామూలే": పళ్ళ వల్ల విరేచనాలు పట్టవు. పళ్ళొచ్చే వయసులో బిడ్డ పాకుతుంది. నేల మీద దొరికిన ప్రతిదీ నోట్లో పెట్టుకుంటుంది. చేతుల మురికి కడుపులోకి పోతుంది. జబ్బు అక్కడినుంచి వస్తుంది. పళ్ళే కదా అని ఊరుకుంటే విలువైన సమయం పోతుంది.

"తల్లిపాలు మాన్పించు": ఇది ఎప్పుడూ వినకూడదు. తల్లిపాలలో నీరు ఉంది. బలం ఉంది. జబ్బును ఎదిరించే శక్తి ఉంది. విరేచనాలు అవుతుంటే పాలు ఇంకా ఎక్కువసార్లు ఇవ్వాలి.

"నీళ్ళు పట్టకు": బిందె ఖాళీ అవుతుంటే నీళ్ళు పోయవద్దు అన్నట్టుంది ఈ మాట. ఇది అన్నిటికంటే ప్రమాదం.

"లంఖణం పెట్టు": తిండి మాన్పిస్తే బిడ్డ నీరసిస్తుంది. జబ్బు తగ్గడానికి ఎక్కువ రోజులు పడుతుంది. నీరసించిన బిడ్డకు మళ్ళీ మళ్ళీ జబ్బు వస్తుంది.

"మాడుకు ఆముదం అద్దు": మాడు గుంటపడిందని చూసిన పెద్దమ్మ చూపు మంచిదే. ఆమె సరిగ్గానే కనిపెట్టింది. కానీ మాడు గుంటపడేది ఒంట్లో నీరు తగ్గి. ఆముదం అద్దితే నీరు రాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలని చెప్పే గుర్తు అది.

దిష్టి తీస్తే బిడ్డకు నష్టం లేదు. కానీ దిష్టి తీసి ఊరుకుంటే నష్టం. పొట్ట మీద వాతలు మాత్రం ఎవరు చెప్పినా పెట్టించకూడదు. వాత వల్ల బాధ, పుండు తప్ప మేలు ఏమీ లేదు.

ఇక ఉప్పు, పంచదార నీళ్ళు పట్టానన్న వదిన మాట? అది నూటికి నూరుపాళ్ళు మంచి మాట.

ఉప్పుకు తోడు పంచదార

వట్టి నీళ్ళు పడితే చాలదా? చాలదు. విరేచనాలప్పుడు పేగు వట్టి నీళ్ళను సరిగా పీల్చుకోలేదు. పంచదార ఉంటే దానితో కలిసి ఉప్పు పేగు గోడ దాటి లోపలికి పోతుంది. ఉప్పు వెంట నీరు పోతుంది. ఒకటి ఉండి ఒకటి లేకపోతే ఈ పని జరగదు. రెండూ సరైన పాళ్ళలో ఉండాలి.

అలా సరైన పాళ్ళలో కలిపిన పొడే ఓ.ఆర్.ఎస్. పొట్లం. అందులో ఉప్పు, గ్లూకోజు, ఇంకో రెండు లవణాలు ఉంటాయి. ఇది అంగన్‌వాడీలో, ఆశా కార్యకర్త దగ్గర, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు.

కలిపే పద్ధతి ఇది:

1. ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

2. కాచి చల్లార్చిన నీళ్ళు ఒక లీటరు కొలిచి, శుభ్రమైన గిన్నెలో పోయాలి. పొట్లం మీద ఎంత నీటిలో కలపాలో రాసి ఉంటుంది. పెద్ద పొట్లానికి ఒక లీటరు. చిన్న పొట్లాలు కూడా ఉంటాయి, వాటికి 200 మిల్లీలీటర్లు. చదివి చూసుకోవాలి.

3. పొట్లంలోని పొడి అంతా ఒకేసారి వేయాలి. సగం ఇప్పుడు, సగం రేపు అని దాచకూడదు.

4. బాగా కలిపి మూత పెట్టాలి. కలిపాక కాచకూడదు. పాలు గానీ, ఇంకా పంచదార గానీ వేయకూడదు.

5. ఇరవై నాలుగు గంటల్లో వాడాలి. మిగిలితే పారబోసి కొత్తది కలపాలి.

పొట్లం దొరకకపోతే? ఒక లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపాలి. చెంచా మీద గుట్టగా ఉండకూడదు. వేలితో చదును చేసి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు హాని. కలిపాక తల్లి రుచి చూడాలి. కన్నీళ్ళ కంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపాలి.

ఎంత పట్టాలి? ఎలా పట్టాలి?

విరేచనం అయిన ప్రతిసారీ పట్టాలి.

రెండు నెలల లోపు బిడ్డకు: ఐదు చెంచాలు. ఇంత చిన్న బిడ్డను వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. దారిలో తల్లిపాలు ఇస్తూ, ఈ నీళ్ళు పడుతూ ఉండాలి.

రెండు నెలల నుంచి రెండేళ్ళ వరకు: పావు గ్లాసు నుంచి అర గ్లాసు.

రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ వరకు: అర గ్లాసు నుంచి ఒక గ్లాసు.

గటగటా తాగించకూడదు. చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి. ఉగ్గుగిన్నె ఉంటే మంచిది. పాలసీసా వద్దు. సీసా మూలల్లో, రబ్బరు పీకలో మురికి నిలుస్తుంది. ఆ మురికే మళ్ళీ విరేచనాలు తెస్తుంది.

బిడ్డ వాంతి చేసుకుంటే భయపడి మానకూడదు. పది నిమిషాలు ఆగాలి. మళ్ళీ ఇంకా నెమ్మదిగా, చెంచా చెంచాగా పట్టాలి.

ఆరు నెలలు దాటిన పిల్లలకు ఇంట్లో ఉన్నవి కూడా పట్టవచ్చు. ఉప్పు వేసిన గంజి, పలుచటి మజ్జిగ, పప్పుకట్టు, కొబ్బరినీళ్ళు మంచివి. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు, ఓ.ఆర్.ఎస్. నీళ్ళు చాలు.

జింకు బిళ్ళ – పద్నాలుగు రోజులు

ఓ.ఆర్.ఎస్. నీళ్ళు పోయిన నీటిని తెస్తాయి. జింకు బిళ్ళ విరేచనాలను తొందరగా తగ్గిస్తుంది. కొన్ని నెలల దాకా మళ్ళీ రాకుండా కూడా సాయం చేస్తుంది. ఇది కూడా ఆశా కార్యకర్త దగ్గర ఉంటుంది.

రెండు నెలల నుంచి ఆరు నెలల లోపు బిడ్డకు రోజుకు 10 మిల్లీగ్రాములు, అంటే సగం బిళ్ళ. ఆరు నెలలు దాటితే 20 మిల్లీగ్రాములు, అంటే ఒక బిళ్ళ. చిన్నబిడ్డకైతే చెంచాలో తల్లిపాలు పిండి అందులో కరిగించాలి. పెద్దబిడ్డకు మంచినీళ్ళలో కరిగించవచ్చు.

మూడో రోజుకే విరేచనాలు కట్టవచ్చు. అయినా పద్నాలుగు రోజులూ వేయాలి.

విరేచనాలు టక్కున ఆపే బిళ్ళలు పెద్దవాళ్ళు కొందరు వాడతారు. అవి చిన్నపిల్లలకు వేయకూడదు. నెత్తురు పడితే డాక్టరు వేరే మందు రాస్తారు. మందుల షాపులో అడిగి మన ఇష్టాన కొని వేయకూడదు.

తిండి మానకూడదు. మెత్తటి పప్పన్నం, పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టాలి. తగ్గాక రెండు వారాలపాటు రోజుకు ఒక పూట అదనంగా పెట్టాలి. పోయిన బలం తిరిగి వస్తుంది.

ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి?

ఈ గుర్తుల్లో ఏ ఒక్కటి కనిపించినా ఇంట్లో ఉండకూడదు.

• బిడ్డ మగతగా పడి ఉంటే, పిలిచినా పలకకపోతే
• పాలు, నీళ్ళు తాగలేకపోతే, తాగినదంతా వాంతి అయితే
• కళ్ళు లోపలికి పోతే, మాడు గుంటపడితే
• ఆరు గంటలైనా ఉచ్చ పోయకపోతే
• పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోతే
• విరేచనంలో నెత్తురు పడితే
• జ్వరం ఎక్కువగా ఉంటే

108కి ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. డబ్బు కట్టనక్కరలేదు. దారిలో బిడ్డ తాగగలిగితే ఓ.ఆర్.ఎస్. నీళ్ళు పడుతూనే ఉండాలి.

ఈ నీళ్ళ వెనుక ఒక కథ

1971లో బంగ్లాదేశ్ యుద్ధం జరిగింది. లక్షల మంది ఇల్లూ వాకిలీ వదిలి మన దేశానికి వచ్చారు. పశ్చిమ బెంగాల్‌లో బనగావ్ అనే ఊళ్ళో శిబిరంలో కలరా పట్టుకుంది. నరానికి ఎక్కించే సెలైను సీసాలు అయిపోయాయి. అక్కడ డాక్టరు దిలీప్ మహలనబీస్ ఒక ధైర్యం చేశారు. ఉప్పు, గ్లూకోజు, సోడా ఉప్పు కలిపిన నీళ్ళు డ్రమ్ములలో పోయించారు. రోగుల పక్కనున్న అమ్మలు, అక్కలే ఆ నీళ్ళు తాగించారు. చావులు బాగా తగ్గిపోయాయి. డాక్టరు చెయ్యి కాదు, తల్లి చెయ్యే బిడ్డను బతికించగలదని లోకానికి తెలిసింది.

ఆ తర్వాత 1980లో బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ ఊరూరా ఆడవాళ్ళను పంపింది. వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి తల్లులకు నేర్పారు. మూడు వేళ్ళతో చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు నీళ్ళు. పదేళ్ళలో కోటికి పైగా ఇళ్ళకు ఈ పాఠం చేరింది. నేర్చుకున్న తల్లుల్లో చాలామందికి అక్షరాలు రావు. నేర్పిన మనిషికి జీతం ఎలా ఇచ్చారో తెలుసా? తల్లికి పాఠం ఎంత గుర్తుందో చూసి ఇచ్చారు!

చదువు వచ్చిన కళ్ళతో చూడండి

అంగట్లో రంగురంగుల డబ్బాల్లో తియ్యటి పానీయాలు అమ్ముతారు. వాటిలో కొన్నిటి మీద చాలా ఏళ్ళు ఓ.ఆర్.ఎస్. అనే అక్షరాలు ఉండేవి. వాటిలో పంచదార చాలా ఎక్కువ. పంచదార మరీ ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ళ తరబడి పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆజ్ఞ ఇచ్చింది. ఇలాంటి పానీయాల మీద ఓ.ఆర్.ఎస్. అనే పేరు వాడకూడదని చెప్పింది.

కాబట్టి తియ్యటి డబ్బా కొనకండి. మందుల షాపులో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్ళతో చేసిన పొడి అడగండి. ఎంత నీటిలో కలపాలో చదవండి. ఏ నెల, ఏ సంవత్సరం వరకు వాడవచ్చో అంకెలు చూడండి.

రాకుండా చూసుకుందాం

ఆరు నెలల దాకా తల్లిపాలు మాత్రమే ఇవ్వాలి. వంట ముందు, బిడ్డకు తినిపించే ముందు, దొడ్డికి వెళ్ళివచ్చాక, బిడ్డకు కడిగాక సబ్బుతో చేతులు కడగాలి. నీళ్ళ బిందెకు మూత పెట్టి, కాడ ఉన్న గరిటెతో ముంచుకోవాలి. పసిబిడ్డ దొడ్డి కూడా మరుగుదొడ్డిలోనే వేయాలి. దానిలోనూ జబ్బు ఉంటుంది.

రోటా వైరస్ అనే క్రిమి వల్ల పిల్లలకు తీవ్రంగా విరేచనాలు పడతాయి. దీనికి టీకా ఉంది. 2016లో మన దేశంలో ఈ టీకాను మొదట ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇప్పుడు తెలంగాణలోనూ ఇస్తున్నారు. ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో నోట్లో వేస్తారు. సూది లేదు. ఖర్చు లేదు.

గుర్తుంచుకోండి

1. పాలు మానకూడదు. తిండి మానకూడదు. నీళ్ళు అసలే మానకూడదు.
2. విరేచనం అయిన ప్రతిసారీ ఓ.ఆర్.ఎస్. నీళ్ళు పట్టాలి.
3. జింకు బిళ్ళ పద్నాలుగు రోజులు.
4. ప్రమాద గుర్తు కనిపిస్తే ఆసుపత్రికి.

చెప్పుకోండి – ఆలోచించండి

మీ ఊళ్ళో విరేచనాలకు పెద్దలు ఏమేం చెబుతారు? వాటిలో ఏవి మంచివి? ఏవి మానాలి?

మీ ఇంట్లో ఓ.ఆర్.ఎస్. పొట్లం ఉందా? లేకపోతే రేపే అంగన్‌వాడీలో అడిగి తెచ్చి పెట్టుకోండి.

ఈ పాఠం చదవడం రాని ఒక తల్లికి చదివి వినిపించండి. ఎలా కలపాలో ఆమె చేతే కలిపించి చూడండి.