రీడింగ్ చెప్పే ఆదాయం

మంచిర్యాలలో కారు కిరాయికి మాట్లాడేటప్పుడు మొదట తేలాల్సింది కిలోమీటరు రేటు. ఆ రేటును బట్టే డ్రైవర్ సంపాదనను అంచనా వేస్తాం. కానీ డబ్బులొచ్చే కిలోమీటర్లు వేరు, బండి తిరిగే కిలోమీటర్లు వేరు.

హైదరాబాద్ ట్రిప్పే చూద్దాం. రానూపోనూ సుమారు 480 కిలోమీటర్లు. లెక్క కోసం రేటు 12 రూపాయలనుకుంటే కిరాయి 5,760. టోల్, బత్తా వేరే. శ్రీరాంపూర్‌లో ఉన్న బండి మంచిర్యాలకొచ్చి ఎక్కించుకుంటుంది. హైదరాబాద్‌లో పార్కింగ్ కోసం తిరుగుతుంది. చివరికి రీడింగ్ చూస్తే 520. లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చే బండైతే, 95 రూపాయల డీజిల్‌తో 2,470 అక్కడే పోయింది. టైర్లకు, సర్వీసింగ్‌కు కిలోమీటరుకు 2 రూపాయలు తీసిపెడితే ఇంకో 1,040. మిగిలింది 2,250. కిస్తీ, ఇన్సూరెన్స్ అందులోంచే కట్టాలి.

ఇక్కడ బండి నడవడానికే కిలోమీటరుకు 6 రూపాయల 75 పైసలు పడింది. ఇదే రేటుకు ఒకవైపు కిరాయి తీసుకుని కరీంనగర్‌లో దింపి, ఖాళీగా తిరిగొస్తే చేతికొచ్చేది కిలోమీటరుకు 6 రూపాయలే. అంటే చేతి డబ్బు పెట్టి నడిపినట్టు. డ్రైవర్ రెండు వైపులా కిరాయి అడగడం అత్యాశేమీ కాదు.

ఆదాయపు పన్ను మాత్రం కిలోమీటర్లు అడగదు. 1961 చట్టంలోని 44ఏడీ సెక్షన్ అంచనా పద్ధతి (ఖాతా పుస్తకాలు లేకున్నా, వసూళ్లలో కొంత శాతాన్ని లాభంగా చూడటం) కింద నగదు వసూళ్లలో 8 శాతం, ఫోన్‌పే వంటి డిజిటల్ చెల్లింపుల్లో 6 శాతం ఆదాయంగా చూపొచ్చు. 2025లో చేసిన కొత్త చట్టంలోనూ ఈ పద్ధతిని ఉంచారు. అమెరికాలో దారి వేరు. అక్కడ ట్యాక్సీ నడిపే మనవాళ్లు 2025లో వ్యాపారానికి తిరిగిన ప్రతి మైలుకూ 70 సెంట్లు ఖర్చుగా చూపొచ్చు. అందుకు తిరిగిన మైళ్ల లెక్క రాసి ఉంచాలి.

మన పద్ధతి సులువే. కానీ పై ట్రిప్పు కిరాయి నగదుగా వస్తే, కాగితం మీద కనిపించే ఆదాయం 461 రూపాయలే. రేపు రెండో కారుకు లోన్ అడిగితే బ్యాంకు చూసేది ఆ కాగితాన్నే. నిజంగా ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపాలని చట్టం కూడా చెబుతోంది. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి 12 లక్షల ఆదాయం వరకు పన్ను పడదు కాబట్టి, ఒక్క కారు నడిపేవారిలో చాలామందికి అసలు మిగులు చూపినా భారం ఉండదు.

ఆ మిగులు తేలాలంటే రోజూ మొదటి రీడింగ్, చివరి రీడింగ్, కిరాయి, డీజిల్ రాసుకోవాలి. బ్యాంకులు సాధారణంగా రెండు మూడేళ్ల రిటర్నులు అడుగుతాయి. లోన్ కావాల్సిన ఏడాది రాయడం మొదలుపెడితే అప్పటికి ఆలస్యమైపోతుంది.