రెండుసార్లు మొదలైన సెకండాఫ్

అమెరికన్ ఫుట్‌బాల్‌లో సూపర్ బౌల్ అంటే ఆ ఏటి ఛాంపియన్‌ను తేల్చే ఒకే ఒక్క ఆట. మొదటిది 1967 జనవరి 15న లాస్ ఏంజెలిస్ కొలీజియంలో జరిగింది. గ్రీన్ బే ప్యాకర్స్ 35–10తో కాన్సస్ సిటీ చీఫ్స్‌ను ఓడించింది. అసలు విశేషం స్కోరు కాదు. ఆ ఆటను సీబీఎస్, ఎన్‌బీసీ టీవీ చానళ్లు రెండూ ఒకేసారి ప్రసారం చేశాయి. ఆ రెండు జట్లు ఆడే పోటీ లీగులు రెండూ అప్పుడే చేతులు కలిపాయి గానీ, ఒకదాని హక్కులు ఒక చానల్‌వి, రెండోదానివి ఇంకో చానల్‌వి. దాంతో కెమెరాలు సీబీఎస్‌వి, వ్యాఖ్యాతలు మాత్రం ఎవరివాళ్లు వారికే.

విరామం అయ్యాక సెకండాఫ్ మొదలుపెడుతూ ప్యాకర్స్ ఆటగాడు బంతిని తన్నాడు. ఎన్‌బీసీ ఇంకా ఆటలోకి తిరిగి రాలేదు. ఆ చానల్ పెట్టుకున్నవాళ్లకు ఆ తన్ను కనబడనే లేదు! రిఫరీలు అది చెల్లదని చెప్పి మళ్లీ తన్నించారు. టీవీ కోసం ఫైనల్ ఆటనే వెనక్కి తిప్పారన్నమాట.

ఆరోజు స్టేడియంలో మూడోవంతు సీట్లు ఖాళీ. 12 డాలర్ల టికెట్టు ఖరీదెక్కువని జనం గొణిగారు. అంతకంటే బాధ కలిగించే సంగతి, ఆ ప్రసారం టేపును రెండు చానళ్లలో ఏదీ పూర్తిగా దాచలేదు. టేపు ఖరీదైన రోజులవి, ఉన్నది చెరిపేసి దానిమీదే ఇంకోటి రికార్డు చేసుకునేవాళ్లు. 2016లో ఈ పోటీని నడిపే లీగు ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్లు విడిగా ఫిల్ముపై తీసిన ముక్కలన్నీ ఏరి, అతికించి, పాత రేడియో వ్యాఖ్యానం జోడించి ఆ ఆటను మళ్లీ నిలబెట్టారు. ఎంత ఓపికైన పని!

1967లో అరనిమిషం ప్రకటన రేటు సుమారు 40 వేల డాలర్లు. 2025 నాటికి అది 80 లక్షల డాలర్లకు చేరింది. ఆ ఏడాది న్యూ ఆర్లీన్స్‌లో ఫిలడెల్ఫియా ఈగల్స్ గెలిచిన ఆటను సగటున 12 కోట్ల 77 లక్షల మంది చూశారు. మధ్యలో విరామంలో ర్యాప్ గాయకుడు కెండ్రిక్ లామర్ పాటను చూసినవాళ్లు ఇంకా ఎక్కువ, 13 కోట్ల 35 లక్షలు.

విరామానికి అంత విలువ ఊరికే రాలేదు. 1992లో ఆ సమయానికే ఫాక్స్ చానల్ ఒక హాస్య కార్యక్రమం వేస్తే, రెండు కోట్లకు పైగా జనం అటు తిరిగిపోయారు. నిర్వాహకులకు కళ్లు తెరుచుకున్నాయి. మరుసటి ఏడాది మైకేల్ జాక్సన్‌ను పిలిచారు. ఆయన వేదికపైకి వచ్చి నిమిషానికి పైగా శిలలా నిలబడ్డాడు, స్టేడియం హోరెత్తిపోయింది. గాయకులకు లీగు పారితోషికం ఇవ్వదు, ప్రదర్శన ఖర్చు మాత్రం భరిస్తుంది.

నన్ను ఎక్కువగా కట్టిపడేసేది ఆ వేదిక కట్టే తీరు. ఆటగాళ్లు లోపలికి వెళ్లగానే, వందలమంది చక్రాల బండ్లమీద వేదిక ముక్కల్ని మైదానంలోకి తోసుకొస్తారు. ఏడెనిమిది నిమిషాల్లో బిగించేయాలి, పన్నెండు పదమూడు నిమిషాల పాట అవ్వగానే అంతే వేగంగా విప్పేయాలి. ఇంట్లో మనకు అప్పుడు ప్రకటనలు కనబడుతుంటాయి. 2023లో అరిజోనాలో గడ్డి మైదానంపై బరువు పడకూడదని వేదికలను తీగలతో గాలిలో వేలాడదీశారు. గర్భిణిగా ఉన్న గాయని రియానా అంత ఎత్తున నిలబడి పాడింది.

ఎంత సిద్ధమైనా కరెంటు మాట వినదు. 2013లో న్యూ ఆర్లీన్స్ సూపర్‌డోమ్‌లో సెకండాఫ్ మొదలైన కాసేపటికే దీపాలు ఆరిపోయి ఆట 34 నిమిషాలు ఆగింది. అప్పటికి 28–6తో ముందున్న బాల్టిమోర్ రావెన్స్, వెలుగు వచ్చాక పడుతూ లేస్తూ 34–31తో గట్టెక్కింది.

అమెరికా తూర్పు తీరంలో ఆదివారం సాయంత్రం ఆరున్నరకు ఆట మొదలైతే మనకు సోమవారం తెల్లవారుజాము 5 గంటలు. ఆట ముగియగానే గెలిచినవాళ్లు ఛాంపియన్లని రాసి ఉన్న టోపీలు, చొక్కాలతో కనిపిస్తారు. అవి ఆట తేలకముందే రెండు జట్ల పేర్లతోనూ అచ్చవుతాయి. ఓడినవాళ్ల పేరున్నవి మాత్రం దుకాణాలకెక్కవు, అవి స్వచ్ఛంద సంస్థల ద్వారా విదేశాల్లో బట్టలు కావలసినవాళ్లకు చేరుతూ వచ్చాయి.