సెకండ్ హ్యాండ్ ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కొంటున్నారా? ముందు లీకులు చూడండి, ఆ తర్వాతే హంగులు

సత్తెనపల్లి చుట్టుపక్కల నల్లరేగడిలో పత్తి, మిర్చి వేసే రైతులకు వానాకాలంలో పొలానికి చేరడమే ఒక పని. ఒక్క గట్టి వాన పడితే డొంక దారిలో బంకమట్టి చక్రాలకు చుట్టుకుని మామూలు బండి కదలదు. అందుకే కొంతమంది రైతులు పాత మహీంద్రా జీపు, బొలెరో, థార్ వంటి ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొనుక్కుంటారు. కొన్న వెంటనే పెద్ద టైర్లు, లైట్లు, ముందు గార్డు బిగిస్తారు. నెల తిరిగేసరికి గేరాయిల్ ఖాళీ అవుతుంది, లేదా బ్రేకు పడదు. అప్పటికి చేతిలో డబ్బు ఉండదు.

పాత బండి విషయంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. ఆయిల్ చుక్క ఎక్కడ పడిందో కాదు, ఎక్కడ పుట్టిందో కనిపెట్టాలి. అది తెలియకుండా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టవద్దు.

అసలు అది ఫోర్ వీల్ డ్రైవేనా?

బొలెరోల్లో చాలావాటికి వెనక చక్రాలకే పవర్ వస్తుంది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి అమ్మేవారి మాట మీద కాకుండా బండి కింద చూసి నిర్ధారించుకోవాలి. ముందు యాక్సిల్ మధ్యలో లేదా పక్కన గుండ్రని గేర్ల డబ్బా (డిఫరెన్షియల్), దానికి గేర్‌బాక్సు వైపు నుంచి వచ్చే షాఫ్టు ఉండాలి. రెండూ లేకపోతే అది ఫోర్ వీల్ డ్రైవ్ కాదు.

దున్నిన మెత్తటి నేలలో ఫోర్ వీల్ వేసి నెమ్మదిగా నడపండి. ముందు చక్రాలు లాగుతున్నాయో లేదో మరొకరిని పక్క నుంచి చూడమనండి. ఆరిన తారు రోడ్డు మీద ఈ పరీక్ష చేయకూడదు. ఈ పాత బండ్లలో మలుపు దగ్గర ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరం తిరుగుతాయి. గట్టి రోడ్డు మీద ఆ తేడా సర్దుకునే వీలు లేక గేర్లు బిగుసుకుపోతాయి.

లీకు ఎక్కడిదో కనిపెట్టే పద్ధతి

1. బండి చూడటానికి వెళ్లినప్పుడు ఇంజను చల్లగా ఉండాలి. అప్పుడే కడిగి తళతళలాడుతుంటే అనుమానించండి. ఒక 20 కిలోమీటర్లు నడిపి మళ్లీ కింద చూడండి.
2. ఎండాకాలంలో కూడా కింద అంటుకున్న రేగడి మట్టి నల్లగా, తడిగా ఉందంటే అక్కడ ఆయిల్ కారుతున్నట్టే.
3. బండి కొన్నాక అడుగు భాగం శుభ్రంగా కడిగించి ఆరనివ్వండి. రాత్రి సమంగా ఉన్న నేలపై నిలిపి, కింద పెద్ద అట్టముక్కలు పరవండి. ముందు, వెనక, చక్రాలు ఎక్కడ ఉన్నాయో అట్ట మీద గుర్తు పెట్టండి.
4. తెల్లారి చుక్కల రంగు, వాసన, చోటు చూడండి. అనుమానం ఉన్న చోట ముఖానికి రాసుకునే పౌడరు చల్లి కొద్ది దూరం నడిపితే తడి మొదలైన చోటు తెలుస్తుంది.
5. ఆయిల్ కిందికి జారుతుంది, బండి నడిచేటప్పుడు గాలికి వెనక్కి పాకుతుంది. అందుకే తడి ఉన్న వాటిలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందున్న చోటును చూడాలి. లీకు సాధారణంగా అక్కడే ఉంటుంది.

బండి కిందికి దూరేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మవద్దు. చక్రాలకు అడ్డు పెట్టి, గట్టి స్టాండు లేదా చెక్క దిమ్మెలు ఉంచాలి. ఇటుకలు పగిలిపోతాయి, వాడకూడదు.

రంగు, వాసన ఏం చెబుతాయి?

- నల్లగా, పల్చగా ఉంటే: ఇంజనాయిల్.
- చిక్కగా, గంధకం లాంటి ఘాటు వాసన వస్తే: గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు లేదా యాక్సిల్ ఆయిల్.
- ఎర్రగా, బండి ముందు భాగంలో పడితే: చాలావరకు పవర్ స్టీరింగ్ ఆయిల్.
- ఆకుపచ్చ, గులాబి లేదా నారింజ రంగులో నీళ్లలా ఉంటే: కూలెంట్.
- పల్చగా, లేత పసుపు రంగులో, చక్రం లోపలి వైపు లేదా బ్రేకు పెడల్ దగ్గర కనిపిస్తే: బ్రేకాయిల్. బండిని అక్కడే ఆపేయాలి.
- రంగు, వాసన లేని నీళ్లు: ఏసీ నీరు. భయం లేదు.

పాత బండిలో ప్యాకింగు చుట్టూ కొద్దిగా చెమర్చడం మామూలే. చుక్కగా నేల మీద పడితేనే పని చేయించాలి.

ఎక్కువగా మోసపోయేది ఇక్కడే: బ్రీదర్

యాక్సిల్, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు మీద గాలి పోయే చిన్న మూత ఉంటుంది. దాన్ని బ్రీదర్ అంటారు. బండి నడిస్తే లోపలి గాలి వేడెక్కి ఉబ్బుతుంది. బ్రీదర్ మట్టితో పూడుకుపోతే ఆ గాలికి దారి ఉండదు. అది ఆయిల్‌ను సీలు పక్క నుంచి బయటికి తోస్తుంది. మెకానిక్కు సీలు మారుస్తాడు, నెలకు మళ్లీ కారుతుంది. మన రేగడి మట్టిలో తిరిగే బండికి ఇది తరచుగా వచ్చే ఇబ్బంది. కాబట్టి సీలు మార్చే ముందు బ్రీదర్ విప్పి డీజిల్‌తో కడిగి, ఊది చూడండి.

దీనికి ఇంకో నష్టం కూడా ఉంది. వేడిగా ఉన్న యాక్సిల్ కాలువ నీటిలో దిగితే లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుని నీటిని లోపలికి పీలుస్తుంది. ఆయిల్ పాలలా తెల్లగా మారిందంటే నీరు కలిసినట్టే. ఆ ఆయిల్‌తో నడిపితే బేరింగులు, గేర్లు పాడవుతాయి. వెంటనే మార్చాలి.

ఇంజనుకూ ఇలాగే చూడాలి. ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత జాగ్రత్తగా తీయండి. పొగ దబదబా కొడితే ముందు ఇంజను బ్రీదర్ పైపు చూడాలి. అది బాగున్నా పొగ తగ్గకపోతే రింగులు అరిగి ఉండవచ్చు. అలాంటి ఇంజనుకు సీళ్లు మార్చి లాభం లేదు. ఆ బండి ధర తగ్గించి అడగండి, లేదా వదిలేయండి.

మిగతా లీకులు

- ఇంజను, గేర్‌బాక్సు కలిసే చోట చుక్క పడితే: నల్లగా, పల్చగా ఉంటే ఇంజను వెనక సీలు. చిక్కగా, ఘాటుగా ఉంటే గేర్‌బాక్సు ముందు సీలు. రెండింటికీ గేర్‌బాక్సు దించాలి. దించినప్పుడే క్లచ్ ప్లేటు కూడా చూపించండి, కూలి కలిసొస్తుంది.
- వెనక చక్రం లోపలి వైపు తడి: యాక్సిల్ సీలు లేదా బ్రేకు సిలిండర్. ఆయిల్ బ్రేకు లైనర్లకు అంటితే ఆ చక్రం బ్రేకు పట్టదు. ఆయిల్ తాగిన లైనర్లను కడిగి వాడకూడదు, మార్చాలి.
- బయట కారకుండానే కూలెంట్ తగ్గడం: డిప్‌స్టిక్కుకు తెల్లటి నురగ అంటినా, వేడెక్కాక కూడా తెల్లపొగ వస్తున్నా హెడ్ ప్యాకింగు పోయి ఉండవచ్చు.
- పొద్దున స్టార్టు కాక సతాయించడం: డీజిల్ పైపుల్లో ఎక్కడో గాలి లాగుతూ ఉండవచ్చు.

వేడిగా ఉన్న రేడియేటర్ మూత ఎప్పుడూ తీయవద్దు. బ్రేకు డబ్బాలో ఇంజనాయిల్ పోయవద్దు. రబ్బరు వాషర్లు ఉబ్బి మొత్తం బ్రేకులే పోతాయి.

పని చేయించేటప్పుడు

పాత షాఫ్టు మీద సీలు ఆనే చోట వేలితో తడమండి. గాడి పడి ఉంటే కొత్త సీలు కూడా కారుతుంది. పైన పల్చని స్లీవు వేయించాలి. గేరాయిల్ మార్చేటప్పుడు పైన పోసే బోల్టు ముందు విప్పి, ఆ తర్వాతే కింది బోల్టు విప్పాలి. పైది రాకపోతే పోయడానికి దారి లేక బండి అక్కడే ఆగిపోతుంది. బండి పుస్తకంలో చెప్పిన గ్రేడు ఆయిలే వాడాలి.

హంగులు: ఏది ముందు, ఏది తర్వాత

1. బ్రేకులు, స్టీరింగు, కూలింగు. పల్నాడు ఎండలకు రేడియేటర్ శుభ్రం చేయించి కూలెంట్ పోయండి. బోరు నీరు పోస్తే లోపల ఉప్పు పేరుకుంటుంది.
2. కంపెనీ సైజులోనే మట్టికి పనికొచ్చే టైర్లు, నాలుగూ ఒకే రకం, ఒకేలా అరిగినవి. సైజు తేడా ఉంటే ఫోర్ వీల్ గేర్ల మీద ఒత్తిడి పడుతుంది.
3. బ్రీదర్లకు రబ్బరు పైపు తగిలించి ఇంజను గదిలో ఎత్తుగా కట్టించడం. తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసేది ఇదే.
4. ముందు, వెనక ఛాసిస్‌కు గట్టిగా బిగించిన లాగే హుక్కులు.

బండి ఎత్తు పెంచడం, మరీ పెద్ద టైర్లు వేయడం వల్ల బ్రేకులు, బేరింగుల మీద భారం పెరుగుతుంది, బండి పల్టీ కొట్టే ప్రమాదం ఎక్కువవుతుంది. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పుస్తకంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. ముందు బిగించే ఇనుప క్రాష్ గార్డులను తొలగించాలని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు చెప్పింది.

కాగితాలు

పేరు మార్పుకు 29, 30 ఫారాలు ఇవ్వాలి. అమ్మిన వ్యక్తి పేరు మీదే బండి ఉంటే ప్రమాదం జరిగినప్పుడు ఇద్దరికీ చిక్కే. హైదరాబాదులో కొన్న తెలంగాణ బండి అయితే అక్కడి రవాణా శాఖ నిరభ్యంతర పత్రం ముందే తీసుకోండి. ఫైనాన్సు తీరిందో లేదో చూడండి. సొంత వాడకపు బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ గడువు దాటితే రెన్యువల్ చేయించి ఉండాలి. సొంత వాడకానికి రిజిస్టరైన బండిలో మిర్చి టిక్కీలు కిరాయికి తోలకూడదు.

మిర్చి కోతలు మొదలయ్యాక బండి ఆగితే కల్లంలో కాయ ఆగుతుంది. కాబట్టి ఈ పరీక్షలన్నీ కోతలకు నెల ముందే చేసుకోండి. బేరం కుదుర్చుకునే ముందు నమ్మకమైన మెకానిక్కును వెంట తీసుకెళ్లండి. అతనికిచ్చే ఒక రోజు కూలి, తర్వాత పెట్టే ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ.