కనుమల దారిలో... సైకిలు, కెమెరా!

కారు అద్దంలోంచి చూసే కొండ వేరు. సైకిలు తొక్కుతూ చూసే కొండ వేరు. మనాలి నుంచి లేహ్ వెళ్లే దారిలో ఈ తేడా బాగా తెలిసొస్తుంది. పాత దారిన వెళితే రోహతాంగ్, బారాలాచా, నకీలా, లాచులుంగ్ లా, తంగ్‌లంగ్ లా... వరసగా అయిదు కనుమలు. ఆఖరిది సముద్రమట్టానికి 5,300 మీటర్ల పైమాటే. గాటా లూప్స్ దగ్గరైతే ఒక్క కొండ ఎక్కడానికి 21 మలుపులు తిరగాలి. బస్సువాళ్లు రెండు రోజుల్లో దాటేసే దారిని సైకిలువాళ్లు తొమ్మిది, పది రోజులు చూస్తారు. కెమెరా పట్టినవారికి ఈ దారంటే మోజు అందుకే.

మోత తగ్గితేనే...

1866లో శామ్యూల్ బోర్న్ అనే ఇంగ్లిష్ ఫొటోగ్రాఫర్ 18,600 అడుగుల మణిరంగ్ కనుమ ఎక్కి ఫొటోలు తీశాడు. గాజు పలకలు, రసాయనాలు, చీకటి గుడారం మోయడానికి ఆయన వెంట కూలీల దండే నడిచింది. సైకిలు మీద వెళ్లేవారికి కూలీ, ఫొటోగ్రాఫరూ ఇద్దరూ తామే! 5,000 మీటర్ల ఎత్తులో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రతీరంలో అందేదాంట్లో సగానికి కాస్త ఎక్కువ. అక్కడ ట్రైపాడు బరువెంతో తొడలకే తెలుస్తుంది. అందుకే చాలామంది ఒకే లెన్సుతో సరిపెట్టుకుంటారు. మార్చే పనే లేకపోతే లోపలికి దుమ్ము పోయే బెడదా ఉండదు.

మంచు చేసే మోసం

అంత ఎత్తులో గాలి పలచన, ఎండ చురుకు. మిట్టమధ్యాహ్నం తీస్తే కొండలు వెలవెలబోతాయి. ఆకాశం ముందే ముదురు నీలం, దానికి పోలరైజర్ బిగిస్తే నల్లబడిపోతుంది. కెమెరా లెక్కనే నమ్ముకుంటే మంచు బూడిద రంగులో పడుతుంది. ఎక్స్‌పోజరు ఒకటి, ఒకటిన్నర స్టాపు పెంచుకోవాల్సిందే. మోరే మైదానంలో చెట్టూ ఇల్లూ ఉండవు, దూరం అంచనాకు రాదు. ఓ మూల సైకిలునో, గొర్రెల మందనో పెడితేనే కొండ ఎంతటిదో తెలుస్తుంది. చలికి బ్యాటరీలు త్వరగా చచ్చిపోతాయి. రాత్రి వాటిని పక్కలో పెట్టుకుని పడుకోవాలి.

ఫొటోనా... ప్రయాణమా?

అసలు చిక్కు ఇక్కడే. మంచి వెలుగు ఉండేది పొద్దున్నే, సాయంత్రమే. కానీ ఎండ ఎక్కేకొద్దీ మంచు కరిగి, రోడ్డుకు అడ్డంగా పారే వాగులు మధ్యాహ్నానికి పొంగుతాయి. పొద్దున్న ఫొటోల కోసం ఆగితే వాగు దాటనివ్వదు. సాయంత్రం వెలుగు కోసం కనుమ మీద ఆగితే చీకట్లో, కొరికే చలిలో దిగాలి. అలవాటైనవాళ్లు ఫొటోనే వదులుకుంటారు.

ఎత్తు జబ్బు సంగతీ అంతే. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదంటారు వైద్యులు. జిస్పా నుంచి సర్చుకు వెళితే ఒక్కసారే వెయ్యి మీటర్లు పెరుగుతుంది. బళ్లారి, బరంపురం, యానాం నుంచి వెళ్లేవారు కేలాంగ్‌లో ఒకటి రెండు రోజులు ఆగి, ఒళ్లు అలవాటు పడ్డాక కదలడం మేలు. ఆ పైన సర్చుకు ఒక్క ఊపున కాకుండా, మధ్యలో మకాం చేస్తూ మెల్లగా ఎక్కాలి. తలనొప్పి, వాంతులు మొదలైతే ఇక ఎక్కకూడదు. తగ్గకపోయినా, అడుగు తడబడినా వెంటనే కిందికి దిగిపోవాలి. ఇంకొక్క ఫొటో అని ఆగితే ప్రాణం మీదికొస్తుంది. దారి ఏటా వేసవిలో తెరుస్తారు. తంగ్‌లంగ్ లా వచ్చే ఏడాదీ అక్కడే ఉంటుంది!