చూసింది చూసినట్టు రాయగలరా?

పెనుబల్లి మండలంలో ఓ అంగన్‌వాడీ కేంద్రం అనుకోండి. ఉదయం పదిన్నర. టీచర్ పాట పాడిస్తుంటే పిల్లలంతా చేతులు తిప్పుతున్నారు. గోడ పక్కన కూర్చున్న మూడేళ్ల పాప మాత్రం కదలదు, నోరు తెరవదు. మీ చేతికి నోటుబుక్కు ఇచ్చి ఆ పాప గురించి రాయమంటే ఏం రాస్తారు?

‘సిగ్గెక్కువ. చురుకుదనం తక్కువ.’ మనలో చాలామంది రాసేది ఇదే. ఇందులో మీరు అనుకున్నదే ఉంది కానీ కళ్లతో చూసింది ఒక్కటీ లేదు.

ఇప్పుడు ఇలా రాసి చూడండి. ‘10.32: పాట మొదలైంది. పాప గోడకు ఆనుకుని టీచర్ చేతుల వైపే చూస్తోంది. 10.35: పక్క పిల్ల చెయ్యి పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది. 10.41: అక్క వచ్చి గుమ్మం దగ్గర నుంచి లంబాడీలో ఏదో అడిగింది. పాప వెంటనే తిరిగి జవాబు చెప్పి నవ్వింది.’

నాలుగు ముక్కలే. కానీ పాపకు మాటలు వచ్చనీ, కొత్తగా ఉన్నది కేంద్రంలో వినిపించే తెలుగేననీ ఊహించడానికి ఆధారం దొరికింది. అదే పాప అక్క పిలిచినా, వెనుక తలుపు దబ్బున పడినా తల తిప్పలేదనుకోండి, అప్పుడు ముందు వినికిడి పరీక్ష చేయించాలి. పైకి రెండు చోట్లా కనిపించేది మౌనమే. ‘మొద్దు’ అనే పేరు ఒకసారి పడితే బడి దాకా వెంటాడుతుంది. వినికిడి లోపం రెండేళ్లు ఆలస్యంగా బయటపడితే భాష నేర్చుకునే విలువైన కాలం పోతుంది.

అడవి అంచున ఉన్న పెనుబల్లి వైపు కోయ గూడేలు, లంబాడీ తండాలు, తెలుగు ఊళ్లు దగ్గర దగ్గరగానే ఉంటాయి. మీది ఆ ప్రాంతమే అయితే ఒకటో తరగతిలో మాట్లాడని పిల్లలు మీ బెంచీలోనే ఉండి ఉంటారు. కోయో లంబాడీయో వచ్చిన అభ్యర్థులు ఆ సంగతి బయోడేటాలో చివర చిన్నగా రాస్తుంటారు. ఈ రంగానికి వెళ్లేవారైతే పైకి తెచ్చి రాయండి.

పిల్లల్ని చూసి రాయడం పాత విద్యే. చార్లెస్ డార్విన్ తన కొడుకు పసితనంలో రాసుకున్న నోట్స్ ఆధారంగా 1877లో ఓ వ్యాసం ప్రచురించారు. పియాజే తన ముగ్గురు పిల్లల్ని గమనిస్తూనే సిద్ధాంతం కట్టారు. ఉద్యోగార్థులకు ఎక్కువ పనికొచ్చేది మిల్‌డ్రెడ్ పార్టెన్ పద్ధతి. అమెరికాలోని మిన్నెసోటాలో ఓ నర్సరీ బడిలో ఆమె ఒక్కో పిల్లాడిని ఒక్కో నిమిషం చొప్పున, రోజులు మార్చి మార్చి చూశారు. ఒంటరిగా ఆడుతున్నాడా, పక్కవాళ్లను చూస్తూ కూర్చున్నాడా, పక్కపక్కనే ఉన్నా ఎవరి ఆట వారిదేనా, కలిసి ఆడుతున్నాడా... ఇలా ఆరు రకాలుగా విడదీసి 1932లో ప్రచురించారు. గోడ పక్కన కూర్చుని చూస్తున్న పిల్లకూ అందులో చోటుంది. చూడటమూ ఆటలో భాగమే.

ఒక్క పూట చూసి తీర్పు చెప్పకూడదన్నది ఇక్కడ అసలు సూత్రం. జ్వరమొచ్చి తగ్గిన రోజు, అమ్మ కూలికి దూరం వెళ్లిన రోజు, ఏ పిల్లాడూ మామూలుగా ఉండడు. కాబట్టి వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో చూడాలి. వయసు ఏళ్లలో కాకుండా నెలల్లో రాయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్ సహా ఐదు దేశాల్లో చేయించిన అధ్యయనంలో, ఆసరా లేకుండా నడవడం దాదాపు 8 నెలల నుంచి 17 నెలలు దాటే వరకూ ఎప్పుడైనా మొదలవుతుందని తేలింది. కొందరు పిల్లలు చేతులూ మోకాళ్ల మీద పాకకుండానే నడిచేశారు. కాబట్టి ‘పక్కింటి బాబు పదకొండో నెలకే నడిచాడు’ అన్నది కొలత కాదు. అలాగని ‘వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యమేలే’ అని వదిలేయడమూ తగదు. అనుమానం ఉంటే రాసిన నోట్స్‌తో సహా డాక్టర్ దగ్గరికి పంపాలి.

ఎవరి దగ్గరికి? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వెళ్లాలి. అవసరమైన పిల్లల్ని జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రానికి పంపిస్తారు. ఏడాదికి రెండుసార్లు వచ్చే డాక్టర్‌కు ఆ పాపతో దొరికేది కొద్ది నిమిషాలే. మిగతా రోజులన్నీ చూసేది టీచరే. అందుకే ఆ నోట్స్‌కు అంత విలువ.

ఇక కొలువుల సంగతి. కేంద్రం 2022 మార్గదర్శకాల ప్రకారం అంగన్‌వాడీ టీచర్‌కు కనీస అర్హత ఇంటర్. స్థానిక మహిళై ఉండాలి, వయసు 18–35 ఏళ్లు. ఆపైన సూపర్‌వైజర్, సీడీపీఓ పోస్టులు డిగ్రీ ఉన్నవారికి. ఇంటర్ పూర్తయి ఇంట్లో ఉండి చదవాలంటే ఇగ్నోలో ఎర్లీ చైల్డ్‌హుడ్ కేర్ అండ్ ఎడ్యుకేషన్ డిప్లొమా ఉంది. హైదరాబాద్ సైఫాబాద్‌లోని కమ్యూనిటీ సైన్స్ కళాశాలలో మానవ వికాసం, కుటుంబ అధ్యయనాల విభాగం ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పనిచేయాలనుకుంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ కోర్సులు చూడండి. వినికిడి, మాట మీద ఆసక్తి ఉన్న ఇంటర్ సైన్స్ విద్యార్థులకు బీఏఎస్ఎల్‌పీ మంచి దారి. అబ్బాయిలు ఈ వైపు తక్కువగా ఎందుకు చూస్తారో అర్థం కాదు. తేదీలు, ఫీజులు ఆయా వెబ్‌సైట్లలోనే చూసుకోండి, వాట్సాప్ ఫార్వర్డులు నమ్మి డబ్బు కట్టకండి.

ఇంటర్వ్యూలో ‘పిల్లలంటే నాకు చాలా ఇష్టం’ అని అందరూ అంటారు. మీరు పది పేజీల నోట్స్ చూపించండి. ఈ సెలవుల్లోనే మొదలుపెట్టొచ్చు. అక్క కొడుకో, పక్కింటి పాపో చాలు. ముందు వాళ్ల అమ్మను అడగండి. ఫొటోలు, వీడియోలు వద్దు. పిల్లల పేరు బదులు ఓ అక్షరం రాయండి. పది నిమిషాలు ఓ మూల కూర్చోండి, పలకరించకండి, ఆట నేర్పకండి. ‘కోపంగా ఉన్నాడు’ అని రాయాలనిపించిన ప్రతిసారీ ఆగి, ఏం చూసి అలా అనిపించిందో అది రాయండి: గ్లాసు తోసేశాడు, పిడికిలి బిగించాడు, రెండుసార్లు గుమ్మం వైపు చూశాడు. పేజీకి ఎడమవైపు చూసింది, కుడివైపు అనుకున్నది. మొదటి వారం కుడివైపే నిండుతుంది, కంగారుపడకండి.