ఐదు లక్షల చెరకురసం

వియత్నాంలో ఓ సాయంత్రం రెండు గ్లాసుల చెరకురసానికి నేను ఐదు లక్షలిచ్చి వచ్చాను. అక్షరాలా ఐదు లక్షలు! కంగారు పడకండి, రూపాయలు కాదు, డాంగ్‌లు. మన లెక్కలో 1,650 రూపాయల దాకా ఉంటుంది. అంతేగా అనుకుంటున్నారా? రోజుకి ఇద్దరికీ కలిపి మూడు వేలతో నెట్టుకొస్తున్నవాళ్లకి అది సగం రోజు బతుకు. పైగా ఆ విషయం నేను మా ఆయనకి చెప్పలేదు. అసలు గొడవ అక్కడే మొదలైంది.

మాకు పెళ్లయి అప్పటికి ఏడాదిన్నర. హనీమూన్ కోసం దాచింది మామయ్యగారి ఆపరేషన్‌కి ఖర్చయింది. దాని గురించి బాధేం లేదు కానీ, మళ్లీ కూడబెట్టడానికి అంత టైం పట్టింది. వియత్నామే ఎందుకంటే, ఈ-వీసా 25 డాలర్లు. ఫోన్‌లోనే అప్లై చేసుకోవచ్చు, 90 రోజుల వరకూ ఇస్తారు. తిండీ బసా చవక. విమాన టికెట్లు పోగా మా చేతిలో మిగిలింది పదహారు రోజులకి 48 వేలు. హనోయ్‌లో దిగి, రైళ్లూ బస్సులూ పట్టుకుని దక్షిణానికి దిగుతూ హోచిమిన్ సిటీలో తిరుగు విమానం ఎక్కాలని ప్లాన్. మనిషికో బ్యాగు, ఏడు కిలోలు మించకుండా. అందులోనే పావుకిలో కారప్పొడి.

ఆ 48 వేలకీ కాపలాదారు మా ఆయన. కోఠీలో కొన్న చిన్న డైరీలో పైసా పైసా రాస్తాడు. ఫోన్‌లో యాప్‌లుండగా ఇదేంటంటే, ‘చేత్తో రాస్తేనే చెయ్యి అదుపులో ఉంటుంది’ అంటాడు. మొదటిరోజు నాకూ ముచ్చటేసింది. ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి టాక్సీ మానేసి 86 నంబర్ బస్సెక్కితే తలా 45 వేల డాంగ్‌లు. అది రాసుకుని ఎంత సంబరపడ్డాడో!

మర్నాడు హనోయ్ పాతబస్తీలో ఫుట్‌పాత్ మీద, నర్సరీ పిల్లల కుర్చీల్లాంటి ప్లాస్టిక్ స్టూళ్ల మీద కూర్చుని గుడ్డు కాఫీ తాగాను. 1940ల్లో పాలకి కరువొస్తే పచ్చసొన గిలక్కొట్టి కాఫీ మీద పోశారట, అదే ఇప్పుడు ఆ ఊరి గొప్ప. వేడి కాఫీ మీద కస్టర్డ్ తేలుతున్నట్టుంటుంది. మా ఆయన గుడ్డు ముట్టడు కాబట్టి తాగలేదు. రాత్రి డైరీ చూస్తే ‘కాఫీ (తనకి) – 35,000’ అని ఉంది. ఆ బ్రాకెట్లో ‘తనకి’ ఎందుకో గుచ్చుకుంది. ఏమీ అనలేదు. కానీ ఆ తర్వాత కాఫీ తాగాలనిపించినప్పుడల్లా ఆ బ్రాకెట్ కళ్లముందుకొచ్చేది.

శాకాహారితో వియత్నాం అంటే చాలామంది భయపెట్టారు. ఆ దేశంలో చేపల సాస్ పడని కూర అరుదు, నిజమే. మమ్మల్ని కాపాడింది ఒక్క మాట: చాయ్. మనకది టీ, వాళ్లకి శాకాహారం. పౌర్ణమికీ, చాంద్రమానంలో నెల మొదటిరోజుకీ మాంసం మానేసే బౌద్ధులు అక్కడ బోలెడుమంది. అందుకే ప్రతి ఊళ్లో ‘కామ్ చాయ్’ బోర్డుతో భోజనశాలలుంటాయి. అన్నం, టోఫు, రెండు కూరలు, నీళ్లలాంటి చారు. పైన మన కారప్పొడి. మనిషికి నూట ఇరవై రూపాయల్లో కడుపు నిండేది.

నిన్ బిన్‌లో రెండు రోజులున్నాం. సున్నపురాయి కొండల మధ్య నదిలో పడవలు నడిపేవాళ్లు వెనక్కి వాలి కాళ్లతో తెడ్లు వేస్తుంటే మా ఇద్దరికీ నోట మాట రాలేదు. అక్కడి నుంచి రాత్రి రైల్లో హుయే చేరాం. ఆరు బెర్తుల కంపార్ట్‌మెంట్, అడుగు బెర్తు మీద ఒక తాతగారి గురక. విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో ఉన్నట్టే ఉంది.

హుయే ఒకప్పటి రాజధాని. 1802 నుంచి 1945 దాకా న్గుయెన్ రాజులు అక్కడి నుంచే ఏలారు. కోటంతా తిరిగి కాళ్లు పీకుతుంటే మా ఆయన హాస్టల్ కౌంటర్లో రైలు టికెట్ల సంగతి మాట్లాడుతున్నాడు. నేను వీధి చివర చెరకురసం బండి దగ్గరికెళ్లాను. గ్లాసు పది వేలు. చిన్న కమలాపండు కూడా వేసి పిండుతారు, భలే ఉంటుంది. చీకటి పడుతోంది. పర్సులోంచి నీలిరంగు నోటు తీసిచ్చి, రెండు గ్లాసులు పట్టుకుని వచ్చేశాను.

ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి. వియత్నాం నోట్ల మీద ఎక్కడ చూసినా హోచిమిన్ బొమ్మే. 20 వేల నోటూ నీలమే, 5 లక్షల నోటూ నీలమే. రెండూ ప్లాస్టిక్‌లా జారే పాలిమర్ నోట్లు. మసక వెలుతుర్లో కొత్తవాళ్లకి తేడా తెలీదు. అందులోనూ మనం యూపీఐకి అలవాటు పడ్డ చేతులాయె! క్యూఆర్ కోడ్ కొట్టడమే తప్ప, నోటు మొహం చూసి ఎన్నాళ్లయిందని? ఆ ముసలావిడ చూసి ఊరుకుందో, ఆవిడకీ ఆ వెలుతుర్లో కనపడలేదో చెప్పలేను. ఆవిడని తిట్టుకోవడానికి మనసు రాలేదు.

రాత్రి పర్సు చూసుకుంటే గుండె జారింది. ఇరవై వేల నోటు అలాగే ఉంది, ఐదు లక్షల నోటు లేదు. పరుగెత్తాను. బండి లేదు. ‘ఎక్కడికెళ్లావ్?’ అంటే ‘ఊరికే, నడుద్దామని’ అన్నాను.

మర్నాడంతా ఆ డబ్బు పూడ్చాలని చూశాను. మధ్యాహ్నం ఆకలి లేదన్నాను. కాఫీ వద్దన్నాను. సాయంత్రం టాక్సీ ఎందుకు, నడుద్దామన్నాను. మా ఆయన ‘నీకు పొదుపు వంటబట్టిందే’ అని మురిసిపోయాడు. ఆ మాటకి ఏడుపొచ్చినంత పనైంది.

హుయే నుంచి డానాంగ్‌కి రైలు దారి వంద కిలోమీటర్లే, కానీ దాదాపు మూడు గంటలు పడుతుంది. మధ్యలో హాయ్ వాన్ కనుమ. ఒకవైపు అడవి కొండ, ఇంకోవైపు కిటికీ కిందే సముద్రం. దక్షిణానికి వెళ్లేటప్పుడు సముద్రం ఎడమవైపు వస్తుందని చదివి, పట్టుబట్టి ఎడమ సీట్లే తీసుకున్నాం. రైలు కదిలాక మా ఆయన డైరీ తీశాడు. హోయ్ఆన్ దగ్గరి ‘మీ సన్’కి మినీబస్సు బుక్ చెయ్యాలని లెక్క చూస్తున్నాడు. వియత్నాం అన్నప్పట్నుంచీ అతను అడిగింది అదొక్కటే. 4వ శతాబ్దంలో భద్రవర్మ అనే చంపా రాజు శివుణ్ని తన పేరు కలిపి భద్రేశ్వరుడిగా ప్రతిష్ఠించిన చోటు. మా ఆయనది ద్రాక్షారామం పక్క ఊరు. అంత దూరంలో శివుడున్నాడంటే చూడకుండా ఉండలేడు. టికెట్లూ బస్సూ కలిపి ఆరు లక్షల డాంగ్‌లు విడిగా పెట్టాడు. అందులోంచే నేను ఆ నోటు తీశాను.

‘నాలుగు లక్షల ఎనభై వేలు తగ్గాయేంటి?’

చెప్పాను. మొదట నవ్వాడు. ఎప్పుడు పోయిందో చెప్పేసరికి నవ్వు ఆగిపోయింది.

‘రెండ్రోజులు! అందుకేనా తినలేదు? ఇంట్లోనూ ఇలాగే దాస్తుంటావా?’

ఆ మాటతో నాకూ తిక్కరేగింది. ‘కాఫీ తాగితే బ్రాకెట్లో రాస్తావు. ఐదు లక్షలు పోగొట్టానంటే ఎక్కడ రాస్తావో అని చెప్పలేదు’ అనేశాను.

అతను డైరీ మూసి కిటికీ వైపు తిరిగాడు. నేను ఎదురు సీటు వీపు చూస్తూ కూర్చున్నాను. రైల్లో అందరూ లేచి ఎడమవైపు ఫొటోలు తీసుకుంటున్నారు. అప్పుడర్థమైంది, హాయ్ వాన్ వచ్చిందని. వియత్నాంలోకెల్లా అందమైన రైలు దారిలో నా దగ్గరున్నది ఒక్క ఫొటో. అందులో సముద్రం సగం, మా ఆయన చెవి సగం.

డానాంగ్‌లో దిగాక కామ్ చాయ్ హోటల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. తన ప్లేట్లో టోఫు ముక్కలు నా ప్లేట్లోకి తోసి, ‘ముందు తిను’ అన్నాడు. కాసేపటికి డైరీలో పాత పేజీ తీసి నా ముందే ‘(తనకి)’ కొట్టేశాడు. అలా రాస్తున్నట్టు నాకే తెలీదన్నాడు. నమ్మాను. నేనూ సారీ చెప్పాను, దాచినందుకు. నోటు పోయినందుకు చెప్పలేదు. అది ఎవరికైనా జరుగుతుంది.

అక్కడే కొత్త రూలు పెట్టుకున్నాం. పొద్దున్నే తలా యాభై వేల డాంగ్‌లు, అంటే నూట అరవై రూపాయలు, ఎవరి జేబులో వాళ్లకి. దేనికి పెట్టావని రెండోవాళ్లు అడక్కూడదు, డైరీలోకి ఎక్కకూడదు. ఐదు లక్షల నోట్లు వేరే కవర్లో. జంటగా తక్కువ డబ్బుతో బయల్దేరేవాళ్లు ఇంకేం మర్చిపోయినా, ఈ లెక్క అడగని డబ్బు మాత్రం మొదటిరోజే పక్కన పెట్టండి. మేం పదో రోజున పెట్టుకున్నాం.

మీ సన్ మాత్రం వెళ్లలేకపోయాం. బదులుగా డానాంగ్‌లోనే చామ్ శిల్పాల మ్యూజియానికి వెళ్లాం. టికెట్ 60 వేలు. మీ సన్ గుళ్లు చాలావరకు 1969లో అమెరికా బాంబు దాడుల్లో కూలిపోయాయి. కానీ అంతకుముందే ఫ్రెంచివాళ్ల కాలంలో ఎన్నో శిల్పాలు ఈ మ్యూజియానికి చేరాయి. నిలబడ్డ వినాయకుడి ముందు మా ఆయన చెప్పులు విప్పబోయి, చుట్టూ చూసి ఆగాడు. శివలింగం పీఠం దగ్గర ఎంతసేపున్నాడో నేను లెక్కపెట్టలేదు. బయటికొచ్చాక, ‘గుడికి ఇంకోసారి వద్దాంలే’ అన్నాడు.

ఆ సాయంత్రమే హోయ్ఆన్ చేరాం. అక్కడి పాత జపనీస్ వంతెన చూడగానే ఎక్కడో చూసినట్టనిపించింది. పర్సు తీశాను. 20 వేల నోటు వెనక ఉన్నది ఆ వంతెనే! వంతెన లోపలికి టికెట్ ఉంది, వెళ్లలేదు. బయట నిలబడి నోటు ఎత్తిపట్టి ఫొటో తీసుకుంటే మాత్రం ఎవరూ అడగరు. నేను ఫొటో సరిగ్గా కుదరక తంటాలు పడుతుంటే మా ఆయన ఎటో వెళ్లి, రెండు గ్లాసుల చెరకురసంతో వచ్చాడు.

‘సున్నాలు చూసే ఇచ్చావా?’

‘చూశా. నాలుగే.’

‘చిల్లర ఏదీ?’

‘లెక్క అడగొద్దని రూలు పెట్టిందెవరు?’ అన్నాడు, స్ట్రా నా గ్లాసులో వేస్తూ.