పిల్లికి ప్రాణసంకటం

తెనాలివాళ్ళకూ పిల్లికీ సంబంధం యీనాటిది కాదు. రాయలవారు పెంచమని యిచ్చిన పిల్లికి రామకృష్ణుడు సలసల కాగే పాలు పోశాడనీ, మూతి కాలిన ఆ పిల్లి అటు తరువాత పాలగిన్నె కనిపిస్తే చాలు పారిపోయేదనీ కథ మనమంతా చిన్నప్పుడు విన్నదే. విని కడుపుబ్బ నవ్వాము గాని, పాపం ఆ పిల్లి మూతి మానిందా అని మనలో ఒక్కరమూ అడగలేదు. ఆ తెనాలిలోనే కాపురముంటూ, కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు కూడా ఆ ప్రశ్న తట్టడానికి నలభై అయిదేళ్ళు పట్టింది. తట్టించినది మా యింటి పిల్లి.

వాడి పేరు రాయలు. పేరు పెట్టింది మా అమ్మాయి. వానలో తడిసి మా వరండాలో చేరిన పిల్లకూన, ఆరేళ్ళలో అయిదున్నర కిలోల దొరవారైనాడు. వీధుల వెంట తిరిగి కొట్లాటలు తెచ్చుకోకుండా, చిన్నప్పుడే డాక్టరుచేత బీజాలు తీయించాము. అప్పటినుంచీ తినడం, పడుకోవడం, నేను దిద్దుతున్న పరీక్షపేపర్ల మీద కూర్చోవడం — యివే వాడి రాచకార్యాలు.

2024 ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్న వాడు ఇసుకతొట్టిలోకి వెళ్ళి కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ వెళ్ళాడు. గంటలో పదిసార్లు వెళ్ళి వుంటాడు. ముక్కుతున్నాడు గాని తొట్టిలో తడి లేదు. మలబద్ధకమని మేము తేల్చాము. మా అమ్మ ఆముదం పట్టమన్నది. ఆ తరువాత ఆలోచించి, ఒంటేలు బిగిస్తే పల్లేరుకాయల కషాయం మంచిదన్నది. యీ చర్చలతో మధ్యాహ్నమైంది. సాయంకాలానికి వాడు మంచం కింద దూరి, యెన్నడూ వినని గొంతుతో అరవసాగాడు. అప్పుడు గాని డాక్టరు గుర్తుకు రాలేదు.

పశువుల డాక్టరమ్మ వాడి పొత్తికడుపు తాకి చూసి, నా చెయ్యి కూడా పట్టుకుని మెల్లగా అక్కడ పెట్టించింది. నిమ్మకాయంత గట్టి వుండ తగిలింది. "అది మూత్రాశయం మాష్టారూ. నిండిపోయి బయటికి దారిలేక బిగిసింది. యింకొక్క రోజు ఆలస్యమైతే వీడు మీకు దక్కడు" అన్నది.

చదువరులలో మగపిల్లిని పెంచేవారుంటే యీ సంగతి కాస్త శ్రద్ధగా వినాలి. ఆడపిల్లికి మూత్రనాళం పొట్టిగా, వెడల్పుగా వుంటుంది. మగపిల్లికి అది పొడుగు. పైగా చివరకు వచ్చేసరికి లోపలి దారి మిల్లీమీటరు కూడా వుండదు. మూత్రంలో పేరుకున్న సన్నని స్ఫటికాలూ, వాచిన మూత్రాశయంనుంచి వచ్చే జిగురూ కలిసి అక్కడ బిరడాలాగా బిగుసుకుంటాయి. ఒక్కొక్కప్పుడు రాయి అడ్డుపడుతుంది. ఒక్కొక్కప్పుడు యేదీ లేకుండా నాళమే బిగుసుకుంటుంది. దారి మూసుకుపోతే మూత్రపిండాలు పనిచెయ్యడం మానుతాయి. విసర్జన కావలసిన పొటాసియం నెత్తురులో పెరిగి, గుండె కొట్టుకోవడం నెమ్మదిస్తుంది. రెండు మూడు రోజులలో ప్రాణం పోతుంది. కనుక మగపిల్లి పదే పదే తొట్టిలో కూర్చుని యేమీ కాకుండా లేస్తుంటే అది మలబద్ధకమా కాదా అని యింట్లో తర్కించరాదు. ఆముదాలూ కషాయాలూ పనికిరావు. నొప్పి తగ్గుతుందని మనం వేసుకునే పారాసెటమాల్ పట్టారంటే అది పిల్లికి విషం. పొట్ట నొక్కి చూడడమూ ప్రమాదమే. సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరకు పరుగెత్తడమొక్కటే మార్గం.

రాయలుకు మత్తిచ్చి, సన్నని గొట్టం యెక్కించి, దారి తెరిచారు. మూడు రోజులు సెలైను యెక్కించారు. యింటికి తెచ్చేటప్పుడు డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పింది. పిల్లి పూర్వీకులు యెడారి ప్రాంతపు అడవిపిల్లులు. నీళ్ళు తక్కువ తాగి, మూత్రాన్ని చిక్కగా చేసుకుని బతకడం వాటికి అలవాటు. వేటాడి తిన్న యెలుకలోనే వాటికి కావలసిన నీరు చాలా వరకు దొరికేది. మనం గిన్నెలో పోసే పొడిమేతలో ఆ నీరు లేదు. అందువల్ల తడిమేత పెట్టాలి, నీళ్ళగిన్నెలు నాలుగుచోట్ల వుంచాలి, వొళ్ళు తగ్గించాలి. పాలు పోస్తామన్నాను. పెద్దపిల్లులలో చాలావాటికి పాలు అరగవన్నది. ఆ లెక్కన రామకృష్ణుడు తన పిల్లికి తెలియక చేసిన మేలు కూడా కొంత వున్నట్టే!

నాలుగు నెలలు భక్తితో పాటించాము. అయిదో నెల పొడిమేత మళ్ళీ గిన్నెలోకి వచ్చింది. యెందుకంటే అది చవక, శ్రమ లేనిది.

దీపావళికి టపాకాయల మోతకు వాడు రెండు రోజులు బీరువా వెనకనుంచి రాలేదు. మూడోనాడు మళ్ళీ అదే అరుపు. భయానికీ మూత్రానికీ యేమి సంబంధమని మీకు తోచవచ్చును. చాలా పిల్లులలో మూత్రాశయం వాపుకు సూక్ష్మజీవులు గాని రాళ్ళు గాని కారణం కావు. కలతే వాపును రేపుతుంది. అమెరికాలో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన బఫింగ్టన్ అనే పశువైద్యుడు యీ విషయం మీద యెన్నో యేళ్ళు పనిచేశాడు. దాక్కునేందుకు చోటు, యెక్కి కూర్చునేందుకు యెత్తు, వేళకు మేత, కాసేపు ఆట — యివి యేర్పరిస్తే జబ్బు నెమ్మదిస్తుందని ఆ పరిశోధనలు చూపాయి. మళ్ళీ గొట్టం, మళ్ళీ సెలైను. కార్తీకమాసం వెళ్ళకుండానే మూడోసారి.

యీసారి డాక్టరమ్మ కుర్చీ లాగి నన్ను కూర్చోమన్నది. ఎక్స్‌రేలో, స్కానింగులో రాళ్ళు కనిపించలేదు. వుంటే వాటి దారి వేరు. స్ట్రువైట్ రాళ్ళయితే ప్రత్యేకమైన మేతతో కరిగించవచ్చును, కాల్షియం ఆక్సలేట్ రాళ్ళు కరగవు, తీసెయ్యవలసిందే. వీడికి వస్తున్నది జిగురు బిరడా. "పదే పదే గొట్టం వేస్తే నాళం లోపల గాయాలై, యింకా యిరుకవుతుంది మాష్టారూ. ఆపరేషను సంగతి ఆలోచించండి. రెండు రోజులలో నాకు చెప్పండి" అన్నది.

ఆపరేషను యేమిటంటే, నాళంలోని ఆ సన్నని చివరి భాగాన్ని, అంటే లింగాన్నే, తీసివేసి, పైన వెడల్పుగా వున్నచోట కొత్త ద్వారం చేసి కుడతారు. 1971లో విల్సన్, హారిసన్ అనే యిద్దరు దీని పద్ధతిని ప్రకటించారు. నేటికీ ఆ పద్ధతే మూలం. విజయవాడలో చేసే డాక్టరున్నాడు. మందులతో సహా 25,000 రూపాయలు కావచ్చునన్నారు.

యింట్లో సభ తీరింది. "చిన్నప్పుడే వొకసారి కోయించారు. యిప్పుడు మిగిలింది కూడా కోయిస్తారట్రా? మూగజీవి, నోరుండి వద్దనలేదు. దాని ఆయుష్షు దానిది" అన్నది మా అమ్మ. "నోరుంటే నొప్పి అని కూడా చెప్పేవాడు బామ్మా" అన్నది అమ్మాయి, యేడుస్తూ. పక్కింటాయన గోడమీదుగా, "యిరవై అయిదు వేలా! వీధి నిండా పిల్లులే గదా మాష్టారూ, యింకోటి తెచ్చుకోండి" అన్నాడు. నవ్వాను గాని, ఆ మాట నాలో అప్పటికే వున్నదే. అమ్మాయి కాలేజీ ఫీజు కట్టవలసిన నెల అది. మా ఆవిడ మాత్రం యేమీ అనలేదు.

ఆ రాత్రి కాగితం తీసి లెక్కలు వేశాను. మూడుసార్లకూ అయిన ఖర్చు కూడితే ఆపరేషను ఖర్చుకు దగ్గరలోనే వున్నది. నాలుగోసారి రాకపోవచ్చుగదా, చూద్దాము అని రాసుకున్నాను. మా ఆవిడ వెనకనుంచి ఆ కాగితం చూసి, "యేమండీ, చూద్దాము అంటే యెవరు చూసేది? మనం చూస్తాము. పడేది వాడు" అన్నది.

పిల్లికి చెలగాటం, యెలుకకు ప్రాణసంకటం అని సామెత. తరగతిలో దాని అర్థం యెన్నిసార్లు చెప్పానో! ఆ రాత్రి అది తలకిందులై కనిపించింది. ఆయుష్షు మాట అమ్మది, డబ్బు మాట నాది, యింకో పిల్లి మాట పక్కింటాయనది. అన్నీ మా సంగతులే. మంచం కింద ఆ గొంతుతో అరిచినవాడి సంగతి అందులో యెక్కడా లేదు. యేమీ చెయ్యకపోవడం నిర్ణయం కాదనుకున్నాను. అదీ నిర్ణయమే, దాని ఖరీదు మటుకు వాడు చెల్లిస్తున్నాడు.

తెల్లవారి డాక్టరమ్మను అడిగాను: చేయిస్తే వాడు బాగుపడతాడా? ఆమె దాచలేదు. మూత్రాశయం వాపు ఆపరేషనుతో పోదు; మళ్ళీ నొప్పి రావచ్చును, నెత్తురు పడవచ్చును. సన్నని చివర లేనందువల్ల సూక్ష్మజీవులు లోపలికి చేరడం తేలిక. కుట్టిన ద్వారం ఒక్కొక్కప్పుడు మళ్ళీ ముడుచుకుంటుంది. అందుకే చెయ్యి తిరిగిన డాక్టరు కావాలి. దారి మూసుకుపోయి చచ్చిపోయే ప్రమాదం మటుకు బాగా తగ్గుతుంది. "తడిమేత, నీళ్ళు, ప్రశాంతం — యివి జీవితాంతం చెయ్యాలి. చెయ్యలేమనుకుంటే యిప్పుడే చెప్పండి" అన్నది. కాస్త ఆగి, "డబ్బు లేనివాళ్ళూ వస్తారు నా దగ్గరకు. మళ్ళీ అడ్డుపడితే నొప్పి తెలియకుండా సూది వేసి నిద్రపుచ్చమంటారు. వాళ్ళనూ నేను తప్పు పట్టను. యేదీ తేల్చకుండా యింట్లో వుంచితేనే నాకు బాధ" అన్నది.

చేయించాము. ఫీజుకు గడువు అడిగాను. ఆపరేషనయ్యాక రెండు వారాలు మెడకు గరాటావంటి అట్ట కట్టుకుని, వాడు గోడలకూ కుర్చీలకూ గుద్దుకుంటూ తిరిగాడు. కుట్లలో ఇసుక దూరకుండా తొట్టిలో చింపిన కాగితాలు వేయమన్నారు. నా పాత నోట్సుకు యిన్నాళ్ళకు ఒక ప్రయోజనం దొరికింది. మందు వెయ్యబోతే నన్ను రెండుసార్లు కరిచాడు.

పదకొండో రోజు తెల్లవారుజామున అమ్మ నన్ను లేపింది. "ఒరే, లేవరా. తొట్టి చూడు" అన్నది. కాగితాలు బాగా తడిసి వున్నాయి. ఆమె అక్కడ యెంతసేపటినుంచి కూర్చున్నదో నేను అడగలేదు.

2025 వేసవిలో వాడికి ఒకసారి నెత్తురు పడింది. మందులతో తగ్గింది, దారి మూసుకోలేదు. పొడిమేత మా యింటికి మళ్ళీ రాలేదు. దీపావళికి లోపలిగది తలుపులు వేసి, వాడి దగ్గర అమ్మ కూర్చుంటుంది.

అందరూ ఆపరేషను చేయించాలని నేననను. మొదటిసారికే తొందరపడవలసిన పనీ లేదు; మేతా నీళ్ళూ సరిచేస్తే చాలా పిల్లులకు ఆ అవసరమే రాదు. మేము మొదట చెప్పిన మాట విని వుంటే రాయలుకు కూడా రాకపోయేదేమో. ఆ తప్పు నాది. కాని రెండోసారి, మూడోసారి వచ్చినప్పుడు చూద్దాములే అని మీరు అనబోతే, ఒక్క క్షణం ఆగి, ఆ చూడడం యెవరి వంతో, పడడం యెవరి వంతో ఆలోచించండి.

యిది రాస్తుండగా వాడు వచ్చి కాగితం మీద కూర్చున్నాడు. యింక రాయడానికి వీలు లేదు.